ఒడ్డు మీద బేరం

బందరు నుంచి బెజవాడ పోయే బస్సులో కిటికీ పక్క సీటు మావగారికి వదిలి నాగమల్లేశ్వరి ఇవతల కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. నిడుమోలు దాటేలోపే నాలుగుసార్లు జిప్పు తీసి, లోపల చెయ్యి పెట్టి తడుముకుంది. డబ్బు కోసం కాదు, అది మావగారి లోపలి జేబులో భద్రంగా ఉంది. ఆమె తడిమేది చిటికెన వేలంత నల్ల పెన్‌డ్రైవ్‌ని.

“ఎన్నిసార్లు చూస్తావమ్మాయ్? అదేమన్నా రొయ్యా, ఎగిరిపడటానికి?” అన్నాడు ఎల్లారావు.

“ఎక్కడన్నా పడిపోద్దేమోనని మావయ్యా.”

“పోతే ఇంకోటి కొనుక్కోవచ్చుగా.”

“కొనుక్కోవచ్చు. అందులో ఉన్నది ఎక్కించుకోటం నాకు రాదు.”

అందులో ఉన్నది లినక్స్. లాప్‌టాప్ కొంటే మామూలుగా వచ్చే విండోస్ బదులు దీంతో కూడా కంప్యూటర్ నడుస్తుంది. గుణదలలో ఆడవాళ్ళకి కంప్యూటర్ పని నేర్పే ఒక సంస్థ ఉంది. పదో తరగతి పాసైతే చాలు, ఫీజు లేదు, ఆరు నెలలు ఇంటి దగ్గర్నుంచే ఆన్‌లైన్లో పాఠాలు. అక్కడి టీచరు హెలెన్ కిందటి నెల బందరు వచ్చి పరీక్ష పెడితే ఎనభై మంది రాశారు. పన్నెండు సీట్లలో పదకొండోది మల్లికి వచ్చింది. పాఠాలన్నీ లినక్స్ మీదే. సొంత లాప్‌టాప్ ఉండాలి, అది లినక్స్‌కి ఒప్పుకునేదై ఉండాలి, సోమవారం పొద్దున పదింటికి అందులోంచే క్లాసులోకి రావాలి. రాలేకపోతే సీటు వెనక లైన్లో ఉన్న అమ్మాయికి పోతుంది. ఇవాళ శనివారం.

“అన్ని లాప్‌టాప్‌లూ ఒప్పుకోవు మల్లీ,” అని హెలెన్ మేడం ముందే చెప్పింది. కొన్నిటికి వైఫై రాదు. కొన్నిటికి సౌండు రాదు. కొన్ని మూత వేస్తే మళ్ళీ లేవవు. పైకి చూస్తే ఏమీ తెలీదు. అందుకని కొనకముందే పెన్‌డ్రైవ్ గుచ్చి, మిషన్‌ని దాంట్లోంచే నడిపించి చూడాలి. ఏమేం చూడాలో చీటీ మీద ఐదు ముక్కలు రాసిచ్చింది. ఆ చీటీని మల్లి ఎన్నిసార్లు మడత విప్పిందో, మడతల దగ్గర కాయితం నూగు లేచింది.

“ఇంతకీ ఎవరిదమ్మా ఆ లినక్సు? ఏ కంపెనీ?”

“ఎవరిదీ కాదు మావయ్యా. ఎవరన్నా ఊరికే తీసుకోవచ్చు. లోపల ఎట్లా రాశారో కూడా తెరిచి చూసుకోవచ్చు.”

“చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?”

“వాడేవాళ్ళే. తెలిసినవాళ్ళు బాగుచేసి మళ్ళీ అందరికీ పంచుతారంట.”

ఎల్లారావు కాసేపు కిటికీలోంచి చేల వైపు చూసి ఆలోచించాడు. “అయితే ఎక్కువకాలం ఆగదు.”

“ముప్పై ఏళ్ళ పైనుంచి ఉందంట.”

“ముప్పయ్యేళ్ళా! మన బోట్లవాళ్ళ సంఘం మూడేళ్ళకే కుర్చీలు విరగ్గొట్టుకుంది గదే!”

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి మరీ నవ్వింది. మల్లీ నవ్వింది. నవ్వుతూనే ఫోన్ తీసి అత్తగారికి చేసింది.

“అత్తయ్యా, పిల్లకి ఒళ్ళేమన్నా వెచ్చగా ఉందా?”

“చల్లగా ఉంది. నీ ఫోన్లతో నా చెవే వేడెక్కిపోతంది,” అంది సన్యాసమ్మ అవతల్నుంచి. “ఇది ఆరోసారి. పెరుగన్నం తిని నా చేపల బుట్టలో ఎక్కి కూర్చుంది. బస్సు తోలతందంట. పెట్టెయ్.”

సత్యశ్రీకి మూడేళ్ళు. కిందటి వానాకాలం జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. పిల్ల కళ్ళు పైకి తేలేసి చేతులు బిగదీసుకున్న ఆ రెండు నిమిషాలూ మల్లికి అయిపోయినట్టే లేవు. పంపు దగ్గర ఉన్నా, పొయ్యి దగ్గర ఉన్నా ఒక కన్ను మంచం మీదే. ఆ తర్వాత పిల్లని విడిచి ఒక్క పూట ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంటి దగ్గర్నుంచే చదువు అన్న మాట చూసే దరఖాస్తు పెట్టింది. ఆ మాటే లేకపోతే కాయితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసేది.

పామర్రులో కాలేజీ పిల్లలు ఎక్కారు. నలుగురు, అందరి వీపుల మీదా లాప్‌టాప్ బ్యాగులు. సీట్లు లేక రాడ్డు పట్టుకుని నిలబడి ఏదో సబ్జెక్టు గురించి తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు కూడా వినాలనిపించింది మల్లికి.

ఇంటర్‌లో తనదీ కంప్యూటర్ కోర్సే. ల్యాబ్‌లో ముగ్గురికి ఒక మిషను. కీబోర్డు ముందు ఎప్పుడూ శ్రీదుర్గ కూర్చునేది, టైపింగ్ వచ్చని. మల్లి పుస్తకం పట్టుకుని లైను లైనుగా చదివేది, శ్రీదుర్గ కొట్టేది. ఎక్కడ తప్పొచ్చిందో మల్లే చెప్పేది, సరిదిద్దటం మాత్రం శ్రీదుర్గ వేళ్ళతో. వచ్చే ఏడు నేనా కుర్చీలో కూర్చుంటా అనుకుంది. వచ్చే ఏడు రాలేదు. ఎండాకాలంలో సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక చదివిస్తామన్నారు అటువాళ్ళు, చదివించాలన్నారు ఇటువాళ్ళు. ఎవరూ అబద్ధం ఆడలేదు. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి ఆమె అత్తవారి ఊరు గిలకలదిండిలో ఉంది, ఆగస్టుకి వేవిళ్ళు మొదలయ్యాయి. ఆ కడుపు నిలవలేదు. సత్యశ్రీ ఆ తర్వాతెప్పటికో. మధ్యలో చదువు మాట ఎవరికీ గుర్తు రాలేదు, ఆమెకి తప్ప.

మొగుడు కోటి మంచివాడు. నాలుగు రోజుల కింద వేటకి పోతూ, “నీకు ఏది నచ్చితే అది తీసుకో, నాన్నని తోడు తీసుకెళ్ళు,” అని చెప్పి బోటెక్కాడు. ఇప్పుడతను ఫోన్ అందని నీళ్ళ మీద ఎక్కడో ఉన్నాడు. పక్కనుంటే బాగుండునని ఉయ్యూరు దాకా అనుకుంటూనే ఉంది. అతనికీ లాప్‌టాప్‌ల సంగతి ఏమీ తెలీదు. అయినా తెలీనివాళ్ళు ఇద్దరుంటే బరువు పంచుకున్నట్టుంటుంది.

బెంజ్ సర్కిల్లో దిగేసరికి పదకొండున్నర. మొదట వెళ్ళిన పెద్ద షోరూంలో అద్దాల తలుపు తియ్యగానే చల్లగాలి మొహాన కొట్టింది. ఎల్లారావు చెప్పులు బయట విడిచాడు. మల్లి నెమ్మదిగా, “వేసుకోండి మావయ్యా, ఇక్కడ విప్పరు,” అంది. పెన్‌డ్రైవ్ బయటికి తియ్యగానే టై కట్టుకున్న కుర్రాడి మొహం మారిపోయింది. “మేడం, డెమో పీసుల్లో బయటి పెన్‌డ్రైవ్ పెట్టకూడదండి. సీల్డ్ పీసు కొన్నాక మీ ఇష్టం. ఓపెన్ చేశాక రిటర్న్ ఉండదండి.”

“నీళ్ళలో దించకుండా బోటు కొనమంటాడేంట్రా వీడు!” అని ఎల్లారావు బయటికొచ్చాక అన్నాడు. లోపల మాత్రం ఆ చల్లదనానికో, ఆ టైకో, నోరెత్తలేదు.

రెండో కొట్టు రోడ్డు దాటి, ఒక కాంప్లెక్సులో మొదటి అంతస్తు. ఆఫీసులు వాడి పక్కన పెట్టిన లాప్‌టాప్‌లు తెచ్చి బాగుచేసి అమ్ముతారు. ఎవరూ చెప్పిన కొట్టు కాదు, బోర్డు చూసి ఎక్కారు. కొట్టతని పేరు కిరీటి. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఏదో మిషను మరలు బిగిస్తున్నాడు.

“లినక్సా? పెట్టుకోండమ్మా, పెట్టుకుని చూడండి,” అన్నాడు ఒక్క ముక్కలో. మల్లికి అతని కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది.

బల్ల మీద ఆరేడు వరసగా పరిచాడు. చివర్న ఉన్నదాని మీద ఆమె కళ్ళు ఆగిపోయాయి. వెండి రంగు. పలకంత సన్నం. ఒక్క వేలితో మూత లేస్తోంది. ఎత్తి చూస్తే బరువే లేదు. పిల్లని ఓ చంకనేసుకుని ఇంకో చేత్తో పట్టుకోవచ్చు. మంచం మీద పిల్ల పక్కనే కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు కాకుండా పని చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఇంకా గుచ్చనే లేదు, అదప్పుడే ఇంటికి వచ్చేసింది.

“ఇది చూస్తానండి,” అంది.

ఎల్లారావు ముందుకొచ్చి దాన్ని తిరగేశాడు. అడుగున తట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. “అబ్బాయ్, కింద మూత తీసి చూపించు.”

“అది తియ్యమండీ ఊరికే.”

“మొప్పలెత్తి చూడకుండా చేప కొంటావా నువ్వు?”

“మాది కంకిపాడండీ బాబాయిగారూ. చేపలు మా ఆవిడ కొంటది, నేను తింటా,” అన్నాడు కిరీటి నవ్వుతూ. పెన్‌డ్రైవ్ గుచ్చి, మిషను వేస్తూనే పైన ఒక మీట నొక్కి పట్టి, “ఇంక చూసుకోండమ్మా, రెండు మూడు నిమిషాలు పట్టుద్ది,” అని కుర్చీ ఆమె ముందుకి జరిపాడు.

తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు కింద నుంచి పైకి పరుగెత్తటం మొదలుపెట్టాయి. చదివేలోపే పైకి పోతున్నాయి. మల్లి ముందుకి వంగింది. ఒక్క ముక్కన్నా పట్టుకుందామని చూసింది. అర్థం కాలేదు, అయినా చూపు తిప్పలేకపోయింది. ఇవన్నీ ఎవరో రాసినవే. ఎక్కడో ఎవరో కూర్చుని లైను లైనుగా కొట్టినవి. ఎవరన్నా తెరిచి చదవొచ్చని చెప్పారు. చదవటం వస్తే, అనుకుంది. వస్తే.

వెనక మావగారి గొంతు వినపడుతూనే ఉంది. బేరం సాగుతోంది. ఎల్లారావు ముప్పై ఐదేళ్ళు బోటుకి సరంగు, అంటే బోటు నడిపేవాడూ, ఒడ్డుకొచ్చాక సరుకు ధర తెంచేవాడూ. కంటికి ఆపరేషనయ్యాక ఒడ్డునే ఉంటున్నాడు. చాన్నాళ్ళకి దొరికిన బేరం. కిరీటి ఒకటి చెప్పటం, ఈయన దిగదియ్యటం, కిరీటి నవ్వటం, ఈయన లేచి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వెయ్యటం. ఆఖరికి కిరీటి, “సరే బాబాయిగారూ, మీ మాటే కానివ్వండి,” అన్నాడు.

ఫట్‌మని చప్పుడైంది. మల్లి తిరిగి చూసింది. మావగారి చెయ్యి కిరీటి చేతిలో ఉంది.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. హార్బర్లో బోటు రాగానే సరుకు మొత్తానికి షావుకారుతో ధర తెంచి, చేతిలో చెయ్యి కొడతారు. కొట్టాక ఇంక మాట లేదు. అడుగున ఐసు కరిగి సగం సరుకు మెత్తబడిందని తేలినా షావుకారు నోరెత్తడు. అవతల హార్బర్లో రెట్టింపు ధర ఉందని ఫోనొచ్చినా బోటువాడు నోరెత్తడు. కిరీటికి అదేమీ తెలీదు, ముసలాయన సంబరపడ్డాడని నవ్వుతున్నాడు.

“మావయ్యా, ఇంకా చూడలేదు.”

“చూడు చూడు, మంచి సరుకమ్మాయ్. నేను చెప్తన్నాగా.”

తెర మీద బొమ్మ వచ్చింది. మల్లి చీటీ పక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. బాణం గుర్తు చెప్పినట్టు కదిలింది. సౌండు వచ్చింది. కెమేరా తెరిస్తే తన మొహమే కనపడి జుట్టు సర్దుకుంది. తర్వాత వైఫై. పై మూల గొడుగులాంటి గుర్తు ఉంటుందని మేడం చెప్పింది. ఆ మూలన ఏమీ లేదు. ఇంకోచోట వెతికింది. సెట్టింగుల్లోకి వెళ్ళింది. వైఫై అన్న మాటే లేదు అందులో, అసలు అలాంటిది లోకంలో లేనట్టు.

“ఇందాక విండోస్‌లో బ్రహ్మాండంగా వచ్చిందేనమ్మా,” అని కిరీటి వంగి చూశాడు. ఆపి మళ్ళీ వేశాడు. ఇంకోసారి వేశాడు. రాలేదు.

మల్లి హెలెన్‌కి ఫోన్ చేసింది. ఆమె చెప్పమన్న రెండు మాటలు టైపు చేసి, వచ్చిన లైను చదివి వినిపించింది.

“ఆ వైఫై చిప్పు తయారుచేసినవాళ్ళు దాని లోగుట్టు లినక్స్ వాళ్ళకి ఇవ్వలేదు మల్లీ. ఎవరో ఒకరు ఎప్పటికో సాధిస్తారు. సోమవారానికి మాత్రం కాదు. ఫోన్‌కి కేబుల్ పెట్టి నెట్ తీసుకోవచ్చు, మీ ఇంట్లో కుదురుతుందా?”

మల్లి కళ్ళముందు ఇల్లు కదిలింది. రేకుల ఇల్లు. సిగ్నల్ వచ్చేది వంటగది వెనక కిటికీ దగ్గర ఒక్కచోటే. ఫోన్‌ని గుడ్డలో కట్టి ఊచకి వేలాడదీస్తారు. పిల్ల మంచం ముందు గదిలో. కేబుల్ పెడితే ఆ కిటికీ కిందే కూర్చోవాలి, పిల్లకి వీపు తిప్పి. గోడ అవతల ఏం జరిగినా తెలీదు.

“కుదరదండి,” అంది.

“చిన్న వైఫై ముక్కలు దొరుకుతాయి గుచ్చుకోటానికి. వాటిల్లోనూ కొన్నే పనిచేస్తాయి. రెండ్రోజుల్లో అదంతా వెతుక్కోలేరు. ఇప్పుడు మీ కళ్ళముందు అన్నీ పనిచేసేదే తీసుకోండి. సోమవారం మీరు రాలేకపోతే నా చేతుల్లో ఏం ఉండదు మల్లీ.”

ఫోన్ పెట్టేసి కిరీటికి చెప్పింది. “పర్లేదమ్మా, దాందేముంది, ఇంకోటి చూద్దాం,” అంటూ అతను లేచాడు.

“ఇంకోటి చూట్టానికి లేదు,” అన్నాడు ఎల్లారావు.

“అదేంటి బాబాయిగారూ, నేనే మార్చుకోమంటున్నాగా.”

“నువ్వు మంచోడివి, అంటావు. నేను చెయ్యి కొట్టా. చెయ్యి కొట్టాక సరుకు నాది. మంచైనా నాదే, చెడైనా నాదే.” కోడలి వైపు తిరిగి, “సౌండొచ్చింది, బొమ్మొచ్చింది, ఆ ఒక్కటీ తర్వాత చూసుకోవచ్చులేమ్మా. నువ్వేగా ఇదే బాగుందన్నావు? ఎత్తి ఎత్తి చూసుకున్నావు?”

అదే నిజం. వెండి రంగుది బల్ల మీద తెరుచుకుని అలాగే వెలుగుతోంది. తీసుకుపోదామా? మావగారి మాట దక్కుతుంది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు, కోటి కూడా బాగుందంటాడు. సోమవారం పదింటికి దాని ముందు కూర్చుంటుంది. పదిన్నరకి వెనక లైన్లో అమ్మాయి పేరు పిలుస్తారు. ఆ అమ్మాయెవరో తెలీదు, అయినా ఆమె మొహం స్పష్టంగా కనపడింది మల్లికి.

పెళ్ళైన ఆరేళ్ళలో మావగారికి ఆమె ఎదురు చెప్పింది లేదు. చెప్పాల్సిన పనీ పడలేదు, ఆయన ఆమెని కూతుర్లాగే చూశాడు. మల్లి లేచి నిలబడింది.

“మావయ్యా, ఒకటి అడుగుతాను, కోప్పడరుగా.”

“అడుగు.”

“అత్తయ్య బుట్ట దగ్గర మీరు ఎప్పుడన్నా చెయ్యి కొట్టారా?”

వాళ్ళ ఇళ్ళలో బోటు మీద సరుకు మగాళ్ళది. ఇంటి వాటాకొచ్చిన చేప బుట్టకెక్కి ఒడ్డు దాటాక ఆడాళ్ళది. ఏ వీధికి పోవాలి, ఏ ధరకివ్వాలి, ఎవరికి కొసరెయ్యాలి, అంతా ఆడాళ్ళ నోటిమాట. మగాడు బుట్ట దగ్గర నోరు పెట్టడు. ఎల్లారావు కుర్రతనంలో ఒకసారి పెట్టాడు, పండుగప్ప ధర చెప్పేశాడు. సన్యాసమ్మ ఆ చేపని ఆయన చేతిలో పెట్టి, “నువ్వు చెప్పావుగా, నువ్వే తిరుగు వీధులు,” అని బజారు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చేసింది. గిలకలదిండిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“ఇది నా బుట్ట మావయ్యా,” అంది మల్లి. “మోసేది నేను. వీధులు తిరిగేది నేను. మీరు కొట్టిన చెయ్యి… దీనికి చెల్లదు.”

కిరీటి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నట్టు తల దించుకున్నాడు. ఎల్లారావు కోడల్ని ఓసారి, తన అరచేతిని ఓసారి చూసుకున్నాడు. భుజం మీద తువ్వాలు దులిపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మల్లి కూర్చుంది. “ఇంకోటి చూపించండి,” అంది. ఆ గొంతు తనది కాదనిపించింది.

కిరీటి లోపల్నుంచి తెచ్చింది నల్లగా, దళసరిగా, ఇటికలాగా ఉంది. ఏదో ఆఫీసుది, మూత మీద స్టిక్కరు పీకిన మరక, మూలలు అరిగిపోయి ఉన్నాయి. అక్షరాల మీటలు కొన్ని ఎవరి వేళ్ళకో నున్నగా మెరుస్తున్నాయి, రెండు మూడింటి మీద అక్షరమే చెరిగిపోయింది. “చూట్టానికి అట్లా ఉంటదమ్మా, లినక్స్ వాళ్ళు దీన్నే అడిగి పట్టుకెళ్తారు,” అన్నాడు.

పెన్‌డ్రైవ్ గుచ్చారు. మళ్ళీ ఆ నల్లతెర, ఆ తెల్లటి పరుగు. ఈసారి చదవాలని చూడలేదు, పై మూలనే చూస్తూ కూర్చుంది. గొడుగు గుర్తు వచ్చింది. దాని మీద నొక్కితే కాంప్లెక్సులోని కొట్లన్నిటి పేర్లూ వరసగా పడ్డాయి. ఫోన్లో హాట్‌స్పాట్ వేస్తే తన ఫోన్ పేరు కూడా పడింది. ఫోన్ తీసుకెళ్ళి వరండా చివర కిటికీలో పెట్టి వచ్చింది. ఇంట్లో మంచానికీ వంటగది కిటికీకీ ఎంత దూరమో గుర్తు చేసుకుని, ఇక్కడ అన్ని అడుగులేసి చూసింది. పదిహేను అడుగులు. ఇంకో ఐదు కలిపి లాప్‌టాప్‌ని దూరం జరిపింది. వైఫై నిలబడింది.

సౌండు, కెమేరా, బాణం గుర్తు. ఆఖరిది మూత. మూత వేసి పైన అరచెయ్యి ఆనించి కూర్చుంది. లోపల ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోవటం చేతికి తెలిసింది. కాసేపాగి తెరిచింది. తెర, ఆమె ఎక్కడ వదిలిందో అక్కడే, లేచి కూర్చుంది.

“బ్యాటరీ మాత్రం పాతదండీ, ముప్పావుగంట మించి రాదు. ప్లగ్గు పక్కన పెట్టుకోవాల,” అన్నాడు కిరీటి.

ఎత్తి చూస్తే మణికట్టు లాగింది. ఒక చేత్తో కుదరదు. పిల్ల చంకలో ఉండగా అసలు కుదరదు. పక్క బల్ల మీద వెండి రంగుది ఇంకా మూత తెరిచే ఉంది. మల్లి వెళ్ళి దాని మూత నెమ్మదిగా మూసింది. ఒక్క క్షణం చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అలాంటిది తనకి ఎప్పటికన్నా ఉంటుందా అనుకుంది. ఉంటుందో లేదో గానీ, చూసినందుకు ఇక మీదట గుర్తొస్తూనే ఉంటుంది.

“నల్లదే ఇవ్వండి,” అంది. “ఎంతండీ?”

“బాబాయిగారు చెయ్యి కొట్టిన ధరేనమ్మా. నిజానికి దీనికి కొంచెం ఎక్కువ. పోన్లెండి.”

డబ్బు మావగారి జేబులో ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

కింద చెరుకురసం బండి పక్కన, ఎండలోనే, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు ఎల్లారావు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కు హోరెత్తుతోంది, ఏం మాట్లాడినా గట్టిగా మాట్లాడాలి. క్షమించమన్న మాట గట్టిగా అనటం ఆమెకి చేతకాలేదు.

ఆయనే అడిగాడు. “దొరికిందా?”

“దొరికింది మావయ్యా. అన్నీ వస్తన్నాయి. మీరు తెంచిన ధరకే ఇస్తానన్నాడు.”

“ఆ సన్నదా?”

“కాదు. మోటుది. బాగా బరువు.”

“మోటుదే మన్నుద్ది,” అన్నాడు. లోపలి జేబులోంచి కవరు తీశాడు. ఆమె చెయ్యి చాచింది గానీ ఆయన ఇవ్వలేదు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ పైకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. కిరీటి ముందు కవరు పెట్టి, “అబ్బాయ్, ఇందాక నీ చేతిలో చెయ్యి కొట్టి వెనక్కి తీసుకున్నా. ముప్పై ఐదేళ్ళలో ఇట్లా ఎప్పుడూ చెయ్యలా. బుట్ట మా కోడలిది. చూసుకోకుండా కొట్టా. మనసులో పెట్టుకోమాక,” అన్నాడు.

“అయ్యో, ఎంత మాట బాబాయిగారూ,” అని కిరీటి గబగబా లేచి నిలబడ్డాడు.

సాయంత్రం బస్సులో తిరుగు ప్రయాణం. ఈసారి కిటికీ పక్క సీటు ఆయన ఆమెకిచ్చాడు. లాప్‌టాప్ సంచి మాత్రం ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కోపం పోయిందని చెప్పటమో, కోపం ఉన్నా బరువు మొయ్యనివ్వనని చెప్పటమో మల్లికి తెలియలేదు. పొద్దుట్నుంచీ తిరిగిన అలసటకి కంకిపాడు రాకుండానే ఆయన తల వాలిపోయింది. చేతులు మాత్రం వదల్లేదు.

అత్తగారికి ఫోన్ చేసింది. పిల్ల ఒళ్ళు చల్లగానే ఉందంట. నిద్ర లేచి అమ్మ ఏదని రెండుసార్లు అడిగి, చందువ ముక్క వేయించి పెడితే మర్చిపోయిందంట. మర్చిపోయిందన్న మాటకి మల్లికి ప్రాణం కుదుటపడింది, అంతలోనే ఎక్కడో చివుక్కుమంది. కోటి నంబరు నొక్కింది. అందలేదు. ఎల్లుండి గాని రాడు. వచ్చేసరికి మొదటి క్లాసు అయిపోతుంది కూడా. ఏం అడుగుతారో, మిగతావాళ్ళంతా డిగ్రీలవాళ్ళేమో, ఇంగ్లీషులో చెబితే ఎట్లా, మధ్యలో కరెంటు పోతే, పిల్ల ఏడిస్తే. భయాలన్నీ వరసగా వచ్చాయి, రోజూ వచ్చేవే. కానీ ఇవాళ వాటి వెనకాలే ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది. ఇంట్లో ప్లగ్గు మంచం తలవైపు ఉంది. అక్కడ స్టూలు వేస్తే సరిపోతుంది. స్టూలు కాలొకటి ఎగుడు, అట్టముక్క పెట్టాలి. పిల్ల పడుకోగానే తెరవొచ్చు. అందులో ఆ తెల్ల అక్షరాలు ఆపి, ఒక్కొక్కటే చదివే ఉపాయం ఉంటుందా? ఉండే ఉంటుంది. అడగాలి.

జానెడు దూరంలో ఉంది సంచి. జిప్పు మొన ఆమె వైపే వేలాడుతోంది. మావగారి చేతులు దాని మీద ఉన్నాయి. ముట్టుకుంటే ఆయన లేస్తాడు.

పామర్రులో బస్సు ఆగి, జామకాయల బుట్టలతో ఆడాళ్ళు ఎక్కి, ఆ గోలకి ఎల్లారావు కళ్ళు తెరిచాడు. కోడలి చూపు ఎక్కడుందో చూడలేదు, మొహం మాత్రం చూశాడు.

“ఏంటమ్మాయ్ అట్లా ఉన్నావు? పిల్ల మీద బెంగా?”

“ఆఁ,” అంది మల్లి. పిల్ల మీదా ఉంది.

“ఇంకెంత, ముప్పావుగంటలో ఇంట్లో ఉంటాం.”

“అంతసేపా?” అంది.